ధర్మపురిలో కాంట్రాక్టరు ఎంపిక: టెండర్లు, గుత్తలు, అంచనాలు

జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురిలో కట్టుబడి పని కాంట్రాక్టరు చేతికి రెండు దారుల్లో వెళుతుంది. స్నానఘట్టం, మురుగు కాలువ, సీసీ రోడ్డు, యాత్రికుల వసతి గదులు టెండరు మీద పోతాయి. ఇల్లు, దుకాణం, ప్రహరీ గోడ మేస్త్రీకి గుత్తకు పోతాయి. మొదటి దారిలో జీఓలు, ధరావత్తు, ఆన్‌లైన్ పోర్టల్ ఉంటాయి. రెండో దారిలో నోటి మాట, బయానా, కాగితం ముక్క మీద రాసుకున్న చదరపు అడుగు రేటు ఉంటాయి. పద్ధతులు ఎంత వేరైనా రెండింటిలోనూ ఎంపిక చెడేది ఒకే చోట: ఎదుట ఉన్న అంకెల్లో చిన్నదాన్ని పట్టుకుని, అది ఏ పనికి చెప్పిన అంకో విడమరచి చూడకపోవడం దగ్గర. అందుకే ఈ వ్యాసంలో ధరలు తెరిచే ఘట్టం కంటే అంచనాకే ఎక్కువ చోటు దక్కింది.

ధర్మపురి పనుల తీరు

లక్ష్మీనరసింహస్వామి క్షేత్రంగా పేరున్న ఈ ఊరు 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2018లో పురపాలక సంఘమైంది. ఇక్కడ పనులు పిలిచే శాఖ ఒక్కటి కాదు. ఆలయ పనులు దేవాదాయ శాఖవి, వీధులు మునిసిపాలిటీవి, నది గట్టు పనులు నీటిపారుదల శాఖవి. జగిత్యాల నుంచి ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటి మంచిర్యాల వైపు సాగే 63వ నంబరు జాతీయ రహదారిది మరో వ్యవస్థ.

ఈ పనులన్నిటి మీదా పెత్తనం చేసే గడువు ఒకటుంది. పన్నెండేళ్లకోసారి వచ్చే గోదావరి పుష్కరాలు 2003లో, 2015 జూలైలో జరిగాయి, మళ్లీ 2027లో వస్తున్నాయి. పుష్కరాల తేదీని ఏ ఇంజనీరూ వాయిదా వేయలేడు. పైగా ఘాట్ల పని ఏడాది పొడవునా సాగేది కాదు. వానాకాలంలో ఎగువన శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తితే ఇక్కడ మెట్లు మునుగుతాయి. నది తగ్గాక మొదలుపెట్టి మళ్లీ వానలు పడేలోగా కాంక్రీటు పోయాలి. టెండరు రెండు నెలలు ఆలస్యమైతే పోయేది రెండు నెలలే అనుకుంటాం గానీ, ఒక్కోసారి ఆ ఏటి పని కాలమే పోతుంది. కాంట్రాక్టరు ఎంపికలో ఈ గడువు ఎలా తలదూరుస్తుందో కింద చూద్దాం.

అంచనా

ప్రభుత్వ పనికి పునాది అంచనా. అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) కొలతలు తీసి తయారుచేసిన అంచనాను ఆయన పైనున్న డీఈ, ఈఈలు పరిశీలిస్తారు. పని విలువను బట్టి ఎస్ఈ లేదా చీఫ్ ఇంజనీరు దాకా వెళ్లి సాంకేతిక మంజూరు పొందుతుంది. డబ్బు కేటాయించే పరిపాలనా మంజూరు వేరు. రేట్లు ప్రామాణిక రేట్ల పట్టిక (ఎస్ఎస్ఆర్) నుంచి వస్తాయి. క్యూబిక్ మీటరు తవ్వకానికి ఎంత, సిమెంటు కాంక్రీటుకు ఎంత, చదరపు మీటరు గిలాబుకు ఎంత అని అందులో ఉంటుంది. పరిమాణాన్ని రేటుతో గుణించి అన్నీ కలిపితే వచ్చేది అంచనా కాంట్రాక్టు విలువ. టెండరులో కాంట్రాక్టరు ఈ విలువ మీద ఇంత శాతం తక్కువకో, ఎక్కువకో, సమానానికో చేస్తానని చెబుతాడు. కాంట్రాక్టర్ల మాటల్లో ఇది లెస్సు, ఎక్సెస్, ఎట్‌పార్.

రేట్లు ఒకటే అయినా అంచనాలు ఊరూరికీ మారడానికి ముఖ్య కారణం లీడు, అంటే సరుకు వచ్చే దూరం. ఇసుక ఏ రీచ్ నుంచి, కంకర ఏ క్రషర్ నుంచి, మొరం ఏ గుట్ట నుంచి ఎన్ని కిలోమీటర్లు రావాలో పట్టికగా రాసి, రవాణా ఖర్చును మూల రేటుకు కలుపుతారు. ధర్మపురి లాంటి ఏటి ఒడ్డు ఊరికి ఇసుక లీడు తక్కువ పడాలి. కాగితం మీద ఇసుక దూరం నుంచి వస్తున్నట్టు రాసి, పనిలో పక్కనున్న ఏరు తవ్వితే ఆ తేడా అంతా కాంట్రాక్టరు మిగులు. తిరగేసి చూస్తే మరో కష్టం: దగ్గరి రీచ్‌కు అనుమతి లేని కాలంలో దగ్గరి లీడే రాస్తే నిజాయితీగా చేసేవాడు నష్టపోతాడు, లేదా అసలు టెండరే వేయడు. అంచనాలో ఏ పుట ముందు చదవాలని ఎవరైనా అడిగితే లీడు పట్టిక అని చెప్పవచ్చు. మునిసిపల్ సభ్యులు గానీ ఆలయ పాలకవర్గం గానీ దాన్ని అడిగి చూడడం అరుదు. ఇది మారాలి. దూరాలు తెలియడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, ఊరివాడైతే చాలు.

ధరతోపాటు కాంట్రాక్టరు లెక్కలోకి వచ్చే కోతలు ఇంకొన్ని ఉన్నాయి. ఖనిజాల మీద సీనరేజి, 1996 చట్టంతో వచ్చిన, నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1 శాతం సెస్సు, జీఎస్టీ. ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 2022 జూలై 18 నుంచి 12 శాతం కాస్తా 18 శాతమైంది. పాత అంచనాలతో పిలిచిన పనుల్లో ఈ తేడాను ఎవరు భరించాలన్న ప్రశ్న అప్పుడు ఎదురైంది. టెండరు పత్రంలో పన్ను ధరలో కలిసిందా, విడిగా చెల్లిస్తారా అన్న ఒక్క వాక్యం చదవకుండా లెస్సు వేసినవారికి అదే దెబ్బ.

జలయజ్ఞం అనే సాగునీటి కార్యక్రమం కాలంలో, అంటే 2004 తర్వాత, ముందు అంచనా, తర్వాత ధర అన్న ఈ వరుస తలకిందులైంది. పెద్ద సాగునీటి పనులను ఈపీసీ పద్ధతిలో పిలిచి సర్వే, డిజైను, నిర్మాణం మూడూ ఒకే ఏజెన్సీకి అప్పగించారు. ధర్మపురికి దిగువనున్న ఎల్లంపల్లి ప్రాజెక్టు ఆ కార్యక్రమంలోదే. ఈపీసీలో వివరమైన అంచనా స్థానంలో శాఖ వేసుకున్న ఒక ప్రమాణ విలువ ఉంటుంది. సర్వే అయ్యాక పని పరిమాణం తగ్గినా చెప్పిన మొత్తం మాత్రం మారదు. డిజైను తేలకముందే ధర తేల్చడం వల్ల వచ్చిన చిక్కులను కాగ్ 2012 నివేదికలో ఎత్తిచూపింది. ఏం కడతారో తెలియకుండా ఎవరు తక్కువకు కడతారో తేల్చడం సాధ్యం కాదన్నది దాని సారం.

డబ్బా నుంచి పోర్టల్ దాకా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003కు ముందు టెండరు అంటే డివిజన్ ఆఫీసులో షెడ్యూలు కొనుక్కుని, నింపి, సీలు వేసి, తాళం ఉన్న డబ్బాలో వేయడం. షెడ్యూలు ఎవరు కొన్నారో ఆఫీసు బయట అందరికీ తెలిసిపోయేది. రింగు అక్కడే కట్టేవారు. ఈ పని నీది, వచ్చేది నాది అని పంచుకోవడం, పోటీ మానుకున్నవారికి గుడ్‌విల్ ముట్టజెప్పడం, మాట వినని వాణ్ని డబ్బా దాకా రానివ్వకపోవడం మామూలైపోయాయి. రింగు పడితే ధర అంచనా మీద ఎక్సెస్‌కు పోయేది, పడకపోతే పంతాలకు పోయి లెస్సు మీద లెస్సు వేసుకునేవారు. రెండింట్లోనూ నలిగేది పనే.

2003లో మొదలైన ఈ-ప్రొక్యూర్‌మెంట్ ఈ గుమ్మాన్ని తీసేసింది. ఎక్కడ కూర్చునైనా డిజిటల్ సంతకంతో టెండరు వేయవచ్చు, గడువు ముగిసేదాకా ఎవరెవరు వేశారో బయటపడదు. అదే ఏడాది జూలై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీఓ, తర్వాత వచ్చిన సవరణలు ఎంపిక నియమాలకు ఒక చట్రం కట్టాయి. తెలంగాణ ఏర్పడ్డాక కూడా ఈ పునాది మీదే నియమాలు నడిచాయి.

టెండరు రెండు భాగాలు. ముందు సాంకేతిక బిడ్డు తెరుస్తారు: రిజిస్ట్రేషన్ తరగతి, గతంలో చేసిన ఇలాంటి పనులు, యంత్రాలు, టర్నోవరు, ధరావత్తు. అందులో నెగ్గినవారి ధరలే తర్వాత తెరుస్తారు. వారిలో తక్కువ చెప్పినవాడు ఎల్1. అంచనా మీద 5 శాతం మించి ఎక్సెస్ వేస్తే ఒప్పుకోరు, మళ్లీ పిలుస్తారు. 25 శాతం మించి లెస్సు వేస్తే, అంచనా విలువలో 75 శాతానికీ తాను చెప్పిన ధరకూ ఉన్న తేడాను అదనపు పూచీగా కట్టాలి. కోటి రూపాయల ఘాటు పనిని 30 శాతం లెస్సుకు, అంటే 70 లక్షలకు వేసినవాడు మరో 5 లక్షలకు బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ఒప్పందం రాసుకోవాలన్నమాట.

ఈ నిబంధనలన్నిటిలో తెలివైనది, తక్కువమంది గమనించేది, బిడ్డు సామర్థ్యం. సూత్రం 2ఏఎన్ - బి. ‘ఏ’ అంటే గత ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది చేసిన అత్యధిక పని విలువ, ఇప్పటి ధరలకు సవరించినది. ‘ఎన్’ ఈ పనికిచ్చిన గడువు ఏళ్లలో. ‘బి’ ఆ గడువులో చేయాల్సి ఉన్న చేతిలోని పనుల విలువ. జగిత్యాల ప్రాంతపు చిన్న కాంట్రాక్టరు ఒకరు ఉన్నారనుకుందాం. ఉత్తమ ఏడాదిలో 80 లక్షల పని చేశాడు, చేతిలో 20 లక్షల పని ఉంది. ఏడాది గడువున్న పనికి ఆయన సామర్థ్యం 160 లోంచి 20 పోగా 140 లక్షలు. కోటి రూపాయల పనికి అర్హుడే. అదే పనిని పుష్కరాల తొందరలో ఆరు నెలల గడువుతో పిలిస్తే సామర్థ్యం 80 లోంచి 20 పోగా 60 లక్షలకు పడిపోతుంది, ఆయన ధర తెరవనే తెరవరు. మనిషి అతనే, పనీ అదే. ఆఫీసులో ఆలస్యమైన ఆరు నెలలు స్థానికుణ్ని పోటీలోంచి తప్పించాయి. పుష్కర పనులను రెండేళ్ల ముందే పిలవాలనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. ఆలస్యమయ్యాక మిగిలేవి రెండే దారులు: పెద్ద ఏజెన్సీలకు ఇవ్వడం, లేదా పనిని ముక్కలు చేసి టెండరు లేకుండా నామినేషన్ మీద పంచడం. రెండో దారిలో పోటీ ఊసే ఉండదు.

తక్కువ ధర ఎందుకు తక్కువ

ఎల్1 నియమానికి ఉన్న బలం అధికారి ఇష్టాయిష్టాలకు తావివ్వకపోవడం. చిన్న పట్టణంలో ఇది చిన్న మేలు కాదు. కానీ ధర తక్కువ కావడానికి నాలుగైదు కారణాలుంటాయి. వాటిలో కొన్నే మంచివి. దగ్గర్లో మరో పని జరుగుతూ మిక్సరు, సెంట్రింగ్ సామాను, కూలీలు సిద్ధంగా ఉన్నవాడు నిజంగానే తక్కువకు చేయగలడు. ఖాళీగా ఉండలేక కూలీలను నిలుపుకోవడానికి వేసేవాడు మరొకడు. పని దక్కాక కొలతలు పెంచుకోవచ్చన్న ధీమాతో వేసేవాడు ఇంకొకడు. లెక్క తప్పినవాడూ ఉంటాడు. పదిమంది ఒకే పనికి లెక్క కడితే, అందరికంటే ఎక్కువగా తక్కువ అంచనా వేసినవాడికే పని దక్కుతుంది. దీన్నే విజేత శాపం అంటారు. 1971లో అమెరికాలో ముగ్గురు పెట్రోలియం ఇంజనీర్లు చమురు క్షేత్రాల వేలంపాటలను చూసి ఈ సంగతి రాశారు. కాంట్రాక్టు పనిలో అది తిరగేసి వర్తిస్తుంది.

ఈ చింత కొత్తది కాదు. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కోటలు కట్టించిన వోబాన్ 1683లో యుద్ధమంత్రి లూవ్వాకు ఉత్తరం రాస్తూ, తక్కువ పాటగాళ్లకు పనులిచ్చే అలవాటు వల్లే పనులు ఎక్కడివక్కడ ఆగిపోతున్నాయని మొరపెట్టుకున్నాడు. ఇటలీలో కనిష్ఠానికి బదులు సగటుకు దగ్గరున్న ధరకు పనిచ్చే పద్ధతిని విస్తారంగా వాడారు. సగటునే తమవైపు జరుపుకోవడానికి కంపెనీలు గుంపుగా బిడ్లు వేశాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. రింగుకు ఏ సూత్రమైనా ఒకటే. యూరోపియన్ యూనియన్ 2014 నిబంధనలు మరో దారి పట్టాయి: ధర అసాధారణంగా తక్కువగా ఉంటే ఆ ధరకు ఎలా చేస్తావో వివరించమని అడగాలి, సంతృప్తి కలగకపోతే తిరస్కరించవచ్చు. భారత ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన మార్గదర్శకాలు కేంద్ర ప్రభుత్వ పనుల్లో కొన్నింటికి నాణ్యతకూ మార్కులు ఇవ్వనిచ్చాయి, ఆ వాటా 30 శాతానికి మించకూడదన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో రివర్స్ టెండరింగ్ తెచ్చింది. ఎల్1 ధర నుంచి మొదలుపెట్టి ఆన్‌లైన్‌లో ఇంకా కిందికి పాడుకునే పద్ధతి అది. పోలవరం పనుల్లో ధర 12.6 శాతం తగ్గిందని అప్పట్లో ప్రకటించారు. 2024లో వచ్చిన ప్రభుత్వం ఈ పద్ధతిని రద్దు చేసింది.

ఈ దారులన్నిటిలోకీ ధర్మపురి స్థాయి పనులకు పనికొచ్చేది వివరణ అడగడమే. ఘాటు మెట్లకు సలాక టన్నుకు ఎంతకు కొంటావు, రాయి ఎక్కడి నుంచి తెస్తావు, నీళ్లు తోడే మోటార్లు ఎన్ని పెడతావు అని ఎల్1ను కూర్చోబెట్టి అడిగితే, లెక్క ఉన్నవాడెవరో లేనివాడెవరో అరగంటలో తెలుస్తుంది. ఎల్1తో తప్ప మరెవరితోనూ ధర మాట్లాడకూడదన్న కేంద్ర విజిలెన్స్ కమిషన్ సూచనకు ఇది అడ్డం రాదు. అడిగేది ధర తగ్గించమని కాదు గనుక.

ఇంటి గుత్త

జగిత్యాల జిల్లా పల్లెల్లో గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్లు లెక్కలేనన్ని. యజమాని దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఇంటి దగ్గర తండ్రో, బావమరిదో సుతారి మేస్త్రీలను పిలిచి బేరం మాట్లాడతారు. మూడు ధరలు ఫోనులో చేరతాయి. వాటిలో ఒకటి లేబరు గుత్త, ఒకటి మెటీరియల్‌తో సహా, మరొకటి ఏదో స్పష్టంగా లేనిది. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చడమే మొదటి తప్పు.

చదరపు అడుగు అన్న మాట దగ్గరే తేడాలు మొదలవుతాయి. ఒక మేస్త్రీ గోడల లోపలి జాగాను కొలుస్తాడు, ఇంకొకరు స్లాబు ఎంత పడితే అంత, సజ్జలు, మెట్ల మీది కప్పు కూడా కలుపుతాడు. రేటు తక్కువ చెప్పి కొలత పెంచితే మొత్తం ఎక్కువే అవుతుంది. బేస్‌మెంటు ఎత్తు ఎంత, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు, పిట్టగోడ, దర్వాజలు నిలబెట్టడం, కరెంటు పైపులకు గోడలు కొట్టడం గుత్తలో ఉన్నాయా లేవా అన్నది ముందే రాసుకోవాలి. లేనివన్నీ తర్వాత విడిగా వస్తాయి. అప్పుడు ధర చెప్పేది మేస్త్రీ ఒక్కడే, పోటీ ఉండదు.

మెటీరియల్‌తో సహా ఇచ్చే గుత్తలో తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తుందో ఒక్క స్లాబు లెక్కతో తెలుస్తుంది. 1200 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందం పోస్తే కాంక్రీటు 500 ఘనపుటడుగులు, అంటే దాదాపు 14 క్యూబిక్ మీటర్లు. ఎం20 పాళ్లలో, అంటే ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర చొప్పున, క్యూబిక్ మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. మొత్తం 113 బస్తాలు. మందం 4 అంగుళాలకు తగ్గిస్తే 400 ఘనపుటడుగులు, 91 బస్తాలు చాలు. ఒక్క అంగుళంలో 22 బస్తాల సిమెంటు, దానికి తగ్గ ఇసుక, కంకర మిగిలాయి. గిలాబు చేశాక ఆ అంగుళం ఎవరికీ కనిపించదు. అందుకే ధర అడిగేముందు స్లాబు మందం, సలాక సైజు, ఎంత ఎడంగా కట్టాలి, సిమెంటు పాళ్లు, ఎన్ని రోజులు నీళ్లు కొట్టాలి అన్నవి ఒక్క కాగితం మీద రాసి ముగ్గురు మేస్త్రీలకూ అదే కాగితం ఇవ్వాలి. కొలతలతో నక్షా గీయించడానికి ఇంజనీరుకు ఇచ్చే డబ్బు ఇంటి మొత్తం ఖర్చులో చాలా చిన్నది. ఊళ్లల్లో ఎక్కువమంది మిగుల్చుకోవాలని చూసేది దాన్నే. ప్రభుత్వ పనికి అంచనా ఏం చేస్తుందో ఇంటికి ఈ కాగితం అదే చేస్తుంది.

డబ్బు చెల్లించే వరుస కూడా ఎంపికలో భాగమే. బయానా ఎక్కువ అడిగి తక్కువ రేటు చెప్పినవాడు, ఆ బయానాతో వెనకటి ఇంటి కూలీల బాకీ తీరుస్తుండవచ్చు. బేస్‌మెంటుకు ఇంత, పిల్లర్లకు ఇంత, స్లాబుకు ఇంత, గిలాబుకు ఇంత అని పని వెనకే డబ్బు నడిచేలా పెట్టుకోవాలి. గిలాబు వరకే దాదాపు అంతా ఇచ్చేస్తే చివరి పనులకు మేస్త్రీ రాడు, కొత్త బేరంలోకి వెళ్లిపోతాడు. అలాగని పూర్తయిన పనికి డబ్బు ఆపడం కూడా అన్యాయం. మేస్త్రీ కింద రోజు కూలీకి వచ్చే మనుషులకు ఆ వారం బియ్యం అందులోంచే రావాలి. ఆయన ఇంతకుముందు కట్టిన ఇళ్లలో ఒకదాన్ని, కనీసం రెండు వానాకాలాలు చూసినదాన్ని, వెళ్లి చూడడం మంచిది. స్లాబు కింద చెమ్మ మరకలు ఏ సర్టిఫికెట్టూ చెప్పని సంగతి చెబుతాయి.

పని దక్కాక

ప్రభుత్వ పనిలో ఎంపిక సరైనదో కాదో తేలేది ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో. ఏఈ కొలిచి రాసిన పరిమాణానికే బిల్లు వస్తుంది. 30 శాతం లెస్సుకు పని తీసుకున్నవాడు ఆ లోటును కొలతల్లో పూడ్చుకుంటే, టెండరు తెరిచిన రోజు ప్రభుత్వానికి మిగిలినట్టు కనిపించింది ఏమీ మిగలలేదు. బిల్లులు నెలల తరబడి ఆగితే, వడ్డీ భరించగలవాడే తర్వాతి టెండరులో ఉంటాడు. ఆలస్యపు చెల్లింపు కూడా మంచి కాంట్రాక్టరును తరిమేస్తుంది.

బిల్లుల్లోంచి పట్టి ఉంచిన పూచీ సొమ్ము, పని పూర్తయ్యాక లోపాల బాధ్యత కాలం గడిచేదాకా శాఖ చేతిలో ఉంటుంది. ఈ కాలం ఎప్పుడు మొదలైందన్న లెక్క ఎంత ముఖ్యమో గోదావరి మీదే రుజువైంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాక, మరమ్మతు ఖర్చు ఎవరిది, బాధ్యత కాలం ఉందా ముగిసిందా, పని పూర్తయినట్టు ఇచ్చిన పత్రం చెల్లుతుందా అన్నవి పెద్ద వివాదమయ్యాయి.

టెండరులో అన్యాయం జరిగిందనుకున్నవారు హైకోర్టుకు వెళ్లవచ్చు. అయితే 1994లో టాటా సెల్యులర్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ప్రకారం కోర్టు చూసేది నిర్ణయం తీసుకున్న తీరును. ఏ ధర మేలైనదో తానే తేల్చదు. అర్హత నిబంధనను ఒకరి కోసం మలచారా, అందరి పత్రాలనూ ఒకే కొలతతో చూశారా, కారణం చెప్పకుండా తిరస్కరించారా అన్నవే అక్కడ నిలిచే ప్రశ్నలు. సాంకేతిక బిడ్డులో వెనక్కి పంపిన ప్రతి కాంట్రాక్టరుకూ కారణం రాతపూర్వకంగా ఇచ్చి ఉంచిన శాఖకు కోర్టు మెట్లెక్కే అవసరం చాలా తక్కువగా వస్తుంది.